బండి ఎనక ఏడుస్తాండె

ఖమర్‌బీ పొద్దుటి బస్సు దిగినప్పటి నుంచి పులివెందుల పోలీసు స్టేషను అరుగు మీదే ఉంది. కూర్చున్నదే గానీ కుదురుగా కాదు. ఎవరు ఎప్పుడు లెమ్మంటారో అన్నట్టు ఒక మోకాలు పైకి పెట్టుకుని, కొంగు పళ్ళ మధ్య బిగబట్టి, వాకిలి వైపే చూస్తోంది. లోపల లాకప్పులో ఆమె మొగుడు వలి బాషా. సాయంత్రం అతన్ని కడపకు తీసుకుపోతారు, మర్నాడు కోర్టులో నిలబెడతారు. హత్య కేసు. అంతటితో పోయినా కొంత నయమే. ఇన్‌స్పెక్టర్ భీమశంకరం పొద్దున ఆమెను చూడగానే, నువ్వూ ఎక్కడికీ కదలొద్దు, నిన్నూ జీపెక్కిస్తాం అన్నాడట. ప్రొద్దుటూరులో పొరుగింటి వాళ్ళ దగ్గర ఇద్దరు బిడ్డల్ని వదిలిపెట్టి వచ్చిన మనిషి, ఆ మాట విన్నాక ఎట్లా కుదురుగా కూర్చుంటుంది?

హుమాయున్ మెట్లెక్కుతుంటే లేచి నిలబడింది.

"అన్నా, నేను గండి మొగమే ఎరగను," అంది.

హుమాయున్ కడప మనిషి. చాలా ఏళ్ళు సీఐడీలో పనిచేసి, పై అధికారితో చెడి, ఉద్యోగం వదిలేసి సొంతంగా ఆచూకీలు తీసే పని పెట్టుకున్నాడు. ఖమర్‌బీ కబురు అందుకునే ఇప్పుడు వచ్చాడు. తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ వింటాడు. తన చెవి మీద తనకు శానా నమ్మకం. ఆ నమ్మకమే ఆ రోజు ఆయన్ను ఎట్లా తిప్పి కొట్టిందో చెప్తాను.

సంగతి ఇదీ. పులివెందుల చీనీతోటల ఆసామి బయపురెడ్డి పోయిన నెల తెల్లవారుజామున గండి మలుపులో కారుతో సహా పాపఘ్ని నది రాళ్ళలో పడి చచ్చిపోయాడు. మామూలు కారు కాదు అది. మద్రాసులో రేసుల పిచ్చి ఉన్న దొర ఒకడి దగ్గర కొన్న ఎర్ర విదేశీ కారు. బయపురెడ్డి కూడా షోలవరం మైదానంలో దాన్ని పరుగెత్తించి వచ్చినవాడే. ఆ కారు మీద చెయ్యి వేసే మెకానిక్కు జిల్లా మొత్తానికి వలి బాషా ఒక్కడే. అందుకే పోలీసులు అతని మీద పడ్డారు. దానికి తోడు, చావుకు కొన్నాళ్ళ ముందు ప్రొద్దుటూరులో పదిమంది చూస్తుండగా బయపురెడ్డి వలి బాషా చెంప పగలగొట్టాడు. ఆ కక్షతోనే బోల్టులు వదులు చేశాడని కేసు.

హుమాయున్ లాకప్పు కమ్మీల ముందు గొంతుకూర్చున్నాడు.

"ఎందుకు కొట్టినాడు నిన్ను?"

"ఇత్తడి బుష్షులు తీసేస్తా రెడ్డీ, మళ్ళా రబ్బరువే ఏస్తా అన్న్యా సాబ్. దానికి కొట్టినాడు."

తర్వాత వలి బాషా చెప్పింది విని హుమాయున్ అర్థం చేసుకున్నది ఇంత. ఆ కారుకు వెనక చక్రాలు, ఇరుసు, స్ప్రింగులు అన్నీ ఒక ఇనుప చట్రానికి బిగించి ఉంటాయి. ఆ చట్రం బండి ఒంటికి నేరుగా తగలదు. మధ్యలో నాలుగు చోట్ల, పిడికిలంత రబ్బరు బుష్షులు. రోడ్డు అదురు, ఇరుసు లోపల పళ్ళ చక్రాల రొద, అన్నీ ఆ రబ్బరే మింగేస్తుంది. లోపల కూర్చున్నవాళ్ళకు పట్టు పరుపు మీద పోతున్నట్టుంటుంది. అయితే జోరు మీద మలుపు తిరిగితే ఆ రబ్బరు నలిగి, చట్రం ఒక పక్కకు జరిగి, బండి తోక ఊగుతుంది. రబ్బరు తీసి గట్టి ఇత్తడి బుష్షులు దిగ్గొడితే చట్రం, ఒళ్ళు ఒకే ముక్క అవుతాయి. స్టీరింగు ఎట్లా చెబితే తోక అట్లా వింటుంది. కానీ మింగే రబ్బరు లేదు గనక చప్పుడంతా బండి లోపలికే వస్తుంది.

అట్లాంటి మార్పు బయపురెడ్డి రేసు కోసం చేయించుకోలేదు. అక్కడికి వచ్చేసరికి వలి బాషా తల వంచుకున్నాడు. నిరుడు బయపురెడ్డి పెళ్ళాం నిర్మలమ్మకు కాన్పు కష్టమైంది. ఆమెను కారు వెనక సీట్లో పండబెట్టుకుని జమ్మలమడుగు ఆసుపత్రికి తోలుకుపోయాడు. ముద్దనూరు దారి మలుపుల్లో తోక ఊగి ఊగి, ప్రతి మలుపులోనూ నిదానించక తప్పలేదు. ఆసుపత్రి గేటు కనబడే వేళకు వెనక సీట్లో ఏడుపు ఆగిపోయింది. దినాలు కాగానే నేరుగా వలి బాషా షెడ్డుకు వచ్చి, ఈ తోక ఇంకెప్పుడూ ఆడకూడదు అన్నాడట. వలి బాషా ఇత్తడి కడ్డీ తెప్పించి, లేతు మిషను మీద నాలుగు బుష్షులు తానే తిప్పి బిగించాడు.

"అప్పుటి నుంచి ఏడుపు సాబ్. ఎంత జోరుగా పోతే అంత గట్టిగా. పళ్ళ చక్రాల రొదే అది, నాకు తెల్సు. తెలిసిన నాకే వణుకు పుట్టింది, అచ్చం ఆడమనిషే. ఊర్లో కారొస్తాందంటే తలుపులేసుకునేటోళ్ళు. నా వల్లే గదా అని, తీసేస్తా రెడ్డీ అన్న్యా. ఏడవనీ, నీకేంది అని కొట్టినాడు."

హుమాయున్ లేచి నిలబడేసరికి వెనక ఇన్‌స్పెక్టర్ భీమశంకరం ఉన్నాడు. భీమవరం వైపు మనిషి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఆరేళ్ళు కావస్తున్నా ఈ సీమ మాట చెవికి మొరటుగానే ఉందని పైకే అనేవాడు. పనిలో మాత్రం చురుకే, లంచం ఎరగడు. అట్లాంటివాడు పొరబడితేనే కష్టం, డబ్బుతో గానీ సిఫారసుతో గానీ కదలడు.

"కథ బాగుందాండీ హుమాయున్ గారూ?" అన్నాడు నవ్వుతూ. "మా దగ్గరా ఒకటుంది, వినండి."

గండి మలుపు దగ్గర గొర్రెలు మేపుకునే యల్లమ్మ ఇచ్చిన వాంగ్మూలం అది. ఆ పొద్దున కారు పోవడం చూసింది ఆమె ఒక్కతే. బండి వెనక ఏడుస్తూ ఉండినది, అని రాసి ఉంది. భీమశంకరం లెక్క సూటిగా ఉంది. దెయ్యాల్ని తను నమ్మడు. ఏడ్చిందంటే మనిషే, ఆడమనిషే. మొగుడు చేసిన పని చూసి, తప్పించలేక, కారు వెనక ఏడుస్తూ పరుగెత్తిన ఆడది ఎవరు? ఆ పొద్దున ఖమర్‌బీ ప్రొద్దుటూరు ఇంట్లో లేదు. జమ్మలమడుగులో చెల్లెలింట్లో ఉన్నానంటుంది. చెల్లెలు కాక వేరే సాక్షులు లేరు.

హుమాయున్‌కు నవ్వొచ్చింది. పొరబాటు ఎక్కడుందో దొరికిపోయిందనుకున్నాడు.

"మా సీమ మాట మీకు తెలీక వచ్చిన తంటా ఇది, ఇన్‌స్పెక్టర్ గారూ. బండి వెనక మనిషి ఏడ్చిందని కాదు. బండికే వెనక భాగం ఏడ్చిందని. ఇత్తడి బుష్షుల చప్పుడు అవ్వ విన్నది. అంతే."

"అంతేనా? అయితే చూపించండి ఆ ఇత్తడి," అన్నాడు భీమశంకరం.

స్టేషను వెనక దొడ్లో కారు పక్కకు ఒరిగి పడి ఉంది, కడుపు బయటపెట్టుకుని. వెనక సీటు మాత్రం చెక్కుచెదరలేదు. దాని మీద గోధుమరంగు మరక ఒకటి, పాతది, కడిగినా పోనిది. దాని వైపు చూడకుండా కానిస్టేబుళ్ళు చుట్టూ తిరిగి నడుస్తున్నారు. హుమాయున్ నేల మీద పడుకుని, చట్రం ఒంటికి కలిసే చోట చెయ్యి పెట్టాడు.

వేలికి మెత్తగా తగిలింది.

రెండో చోట చూశాడు. మూడో చోట, నాలుగో చోట. ఇత్తడి మెరుపు ఎక్కడా లేదు. నాలుగూ రబ్బరే. ఉబ్బి, మెత్తబడి, నలిగి పక్కకు ఉబికి వచ్చిన పాత రబ్బరు.

భీమశంకరం వంగి చూసి, నిదానంగా నిటారయ్యాడు. గొంతులో ఎగతాళి లేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

"ఇత్తడి తీసి రబ్బరు వేస్తానని పదిమందిలో అన్నది ఎవరండీ? మీ వలి బాషాయే కదా. తోక ఊగుతుందని తెలిసే వేశాడు. నాకు బోల్టుల సాక్ష్యమే ఉంది ఇన్నాళ్ళూ. ఇంకోటి మీరు చూపించారు. చాలా థాంక్సండీ."

కాపాడడానికి వచ్చిన మనిషి మెడకు హుమాయున్ తనే ఇంకో చుట్టు వేశాడు. అదొకటీ, దాన్ని మించింది ఇంకొకటీ. ఇత్తడి లేనప్పుడు బండి ఏడవదు. మరి యల్లమ్మ విన్న ఏడుపు ఎవరిది? పట్టపగలు, ఎండలో నిలబడి ఉన్నాడు. అయినా చూడకూడదనుకుంటూనే ఆ వెనక సీటు వైపు చూశాడు.

చెమట తుడుచుకోబోయి చెయ్యి ముక్కు దగ్గరికి వచ్చింది. వేళ్ళకు అంటిన నల్లని జిడ్డు మోటారు గ్రీజు వాసన రాలేదు. కాలిన గడ్డి వాసన. ఏదో ఎరిగిన వాసనే, ఎక్కడిదో అందలేదు. రుమాలుకు తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

వేంపల్లి బస్సెక్కి గండి దగ్గర దిగేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. శనివారం కాదు గనక గండి స్వామి గుడి దగ్గర జనం లేరు. మలుపు దగ్గర బండ నీడన యల్లమ్మ కూర్చుని ఉంది, గొర్రెలు నీటి చెలమ చుట్టూ పడుకుని ఉన్నాయి. హుమాయున్ దూరంగానే చెప్పులు విప్పి, పక్కన కూర్చుని, మొదట గొర్రెల సంగతి అడిగాడు. గాలికుంటు తగ్గిందా, పిల్లలు ఎన్ని నిలిచాయి అని. ఆమె చెప్పినంతా విని, అప్పుడు కారు మాట ఎత్తాడు.

"ఏడుపు ఎట్లుండె అవ్వా, ఆ పొద్దు?"

"ఏ ఏడుపప్పా?"

"బండి ఎనక ఏడుస్తాండె అని చెప్పినావంట గదా పోలీసోళ్ళకు."

యల్లమ్మ అతని మొహం కొంతసేపు చూసి, నోరు పగిలేట్టు నవ్వింది.

"నువ్వు గూడా అంతేనా అప్పా. కడపోడివి, మనోడివి అనుకుంటి. ఎనక ఏడుస్తాండె అన్న్యా. ఎనక, అంటే ఇదివరకటి దినాల్లో. ఆ పొద్దు ఏడిసిందని నేను యాడ చెప్పినా? ఆ పొద్దు దానికి నోరే లేదు. ఎద్దు మాదిరి కమ్మగా పోయింది."

కోస్తా మనిషి ఆ మాటకు బండి వెంట అని రాసుకున్నాడు. సీమ మనిషినని మురిసిపోయిన హుమాయున్ బండి వెనక భాగం అనుకున్నాడు. ఒక ముసలామె తన గొర్రెల దగ్గర కూర్చుని ఇదివరకు అనే అర్థంతో అన్న మాట, ఇద్దరికీ చెవినపడలేదు.

"ఆ చప్పుడుకే నా గొర్రెల్ని దారిలోంచి తోలుకునేదాన్ని," అని ఆమె మళ్ళీ ఎత్తుకుంది. నవ్వు పోయింది గొంతులోంచి. "ఆ పొద్దు చప్పుడు ల్యాక, బండి మీదికొచ్చేదాకా సూసుకోలా. రెడ్డి నిలిపినాడు. నన్ను జూసి కాదు. దిగి, ఎనక తలుపు తెరిసి, సీటు మీద చెయ్యి పెట్టి నిలబడినాడు. నిర్మలా అని పిలిసినాడప్పా. బిడ్డను లేపినట్ల, మెల్లగ. మళ్ళా ఎక్కి, ఆ గుట్ట దాకా పోయి తిరుక్కోనొచ్చినాడు. మళ్ళా పోయినాడు. పోయినకొద్దీ జోరు. ఎందుకయ్యా ఇట్ల తోల్తాండావు అని నేను కట్టె ఎత్తి అరుస్తానే ఉండా. కడాకు వచ్చినప్పుడు ఈ మలుపులో తోక ఇట్ల పోయింది."

చేతి కట్టెతో ఇసుక మీద ఒక గీత గీసింది. గీత దారి మీంచి మొదలై నది వైపు పోయింది.

హుమాయున్‌కు వలి బాషా మాట చెవిలో పడింది. ఎంత జోరుగా పోతే అంత గట్టిగా. బయపురెడ్డి చావడానికి తోలలేదు. రేసు కోసమూ తోలలేదు. ఆగిపోయిన ఆ గొంతు మళ్ళీ వినబడుతుందేమో అని, ఇంకొంచెం జోరు, ఇంకొంచెం జోరు అని తోలాడు. కింద తోకకు పట్టు లేదని అతనికి తెలియదు. ఎవరూ చెప్పలేదు.

అప్పుడే ఆ మలుపులో ఎద్దులబండి ఒకటి వచ్చింది. బండివాడు ఇరుసుకు వేలాడే వెదురు గొట్టంలోంచి నల్లని జిడ్డు తీసి చక్రం నడిమి బొడ్డు దగ్గర పూశాడు. గాలికి ఆ వాసన వచ్చింది. హుమాయున్ జేబులోని రుమాలు తీసి వాసన చూశాడు. కందెన. గడ్డి కాల్చిన మసి, నూనె కలిపి బండి ఇరుసుకు పెట్టే కందెన. కార్లు విప్పే చెయ్యి ఏదీ రబ్బరుకు దాన్ని పూయదు. ఇరుసు ఎక్కడుంటే అక్కడ కందెన పెట్టాలని తెలిసిన చెయ్యి, బండి తోలే చెయ్యి, మంచి జరగాలనే పూసిన చెయ్యి అది.

ఆ బండి మీదే వేంపల్లి దాకా వచ్చి, బస్సు పట్టుకుని, పొద్దు వాలే వేళకు పులివెందుల చివర బయపురెడ్డి ఇంటి దొడ్డి ముందు దిగాడు. కొట్టంలో జీతగాడు పెంచలయ్య మేకు మీద నుంచి కందెన గొట్టం తీసి పెడుతున్నాడు. హుమాయున్ రుమాలు విప్పి అతని ముందు పట్టాడు. పెంచలయ్య దాన్ని చూడలేదు. ఇంటి వాకిలి వైపు చూశాడు. చెప్పాల్సిందంతా ఆ చూపులోనే ఉంది. మెల్లగా అడిగితే మెల్లగా చెప్పాడు. ఇత్తడివి పీకి, షెడ్డులో పడి ఉన్న పాత రబ్బరువే తిరిగి దిగ్గొట్టి, బోల్టులు తనకు చేతనైనంత బిగించాడట. ఆముదం పిరమని పెట్రోలు బంకులో కాలిన మడ్డి నూనె తెచ్చి కందెనలో కలిపాడట. రబ్బరు ఎండి ఉంటే పాపం అని బాగా పట్టించాడట. మడ్డి నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుందని అతనికెవరు చెప్పారు? రెడ్డి టైర్ల కోసం మద్రాసు పోయిన వారం అది. తిరిగొచ్చిన మర్నాడే కారు తీశాడు.

"ఎవరు చేయమన్న్యారు?"

"నేనే చేయమన్న్యా," అంది వాకిట్లోంచి ఓబులమ్మ. బయపురెడ్డి తల్లి. గోడ పట్టుకుని నిలబడి ఉంది. "దాంట్లో తప్పేముందప్పా?"

ఆమె లోపలికి పోయి ఒక మూట తెచ్చి అరుగు మీద విప్పింది. నిర్మలమ్మ పాత నేతచీర అది. అందులో నాలుగు ఇత్తడి బుష్షులు, చింతపండుతో తోమి పెట్టినవి, దీపపు కుందుల్లాగా మెరుస్తున్నాయి. ఇంట్లోంచి ఇత్తడి పారేయకూడదని దాచిందట. కోడలు పోయి ఏడాదైనా నెమ్మది లేక బండిలో ఏడుస్తోంది, ఆ ఇత్తడి పోతే ఆ బిడ్డకు విడుదల అనుకుంది. కొడుకుతో అంటే కొడతాడు. అందుకే అతను ఊళ్ళో లేనప్పుడు చేయించింది. ఎంతో ప్రేమగా చెప్పుకుపోతోంది ముసలామె, కొడుకు చావు మాట, కారు మాట రెండు వేరు వేరు గదుల్లో పెట్టి.

హుమాయున్‌కు తెలుసు, ఆ రెండు గదుల మధ్య తలుపు తను తెరవాలి. తెరవకపోతే వలి బాషా ఉరికి నిలబడతాడు. ఖమర్‌బీ జైలుకు పోతుంది. తెరిస్తే ఈ తల్లి మిగిలిన బతుకంతా ఆ గదిలోనే.

వాకిట్లో జీపు ఆగింది. భీమశంకరం దిగాడు. వెనక వలి బాషా బేడీలతో, పక్కన ఖమర్‌బీ. ఈ ఆడమనిషిని మీ దొడ్డి పరిసరాల్లో ఎప్పుడైనా చూశారా అని ఓబులమ్మను అడగడానికి, కడప పోతూ ఆగాడట. అరుగు మీది ఇత్తడి చూసి ఆ ప్రశ్న మధ్యలోనే ఆపేశాడు. ఒక బుష్షు తీసుకుని చేతిలో బరువు చూశాడు.

హుమాయున్ యల్లమ్మ చెప్పింది చెప్పాడు. ఎనక అన్న మాటకు అర్థం చెప్పాడు, తన తెలివితక్కువతో సహా. రబ్బరు సంగతి, కందెన సంగతి చెప్పాడు. తోక సంగతి చెప్పేటప్పుడు మాత్రం నేల వైపు చూశాడు. అంతా ఇన్‌స్పెక్టరుతోనే చెప్పాడు. ఓబులమ్మ వైపు ఒక్కసారీ తిరగలేదు. అయినా వింటున్నది ఆమే.

భీమశంకరం జేబులోంచి వాంగ్మూలం కాగితం తీసి, ఆ ఒక్క వాక్యం మళ్ళీ చదువుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పెంచలయ్య కొట్టం గుంజ పట్టుకుని కింద కూలబడ్డాడు. ఓబులమ్మ కూలబడలేదు. చీర మూట మళ్ళీ కట్టింది, ముడి వేసింది, ముడి సరిగా పడక విప్పి ఇంకోసారి వేసింది. దాన్ని ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టింది.

"ఆ బిడ్డను దించప్పా. ఆ యప్పకు బేడీలిడ్సు. బండి నోరు మూసింది నేను. పెంచలయ్య నా మాట ఇన్న్యాడు, అంతే, వాడి జోలికి పోవద్దు."

భీమశంకరం కానిస్టేబులు వైపు తల ఊపాడు. తాళంచెవి తిరిగిన చప్పుడైంది. ఖమర్‌బీ జీపు దిగింది గానీ మొగుడి దగ్గరికి పోలేదు. ఓబులమ్మ దగ్గరికి వచ్చి పక్కన నిలబడింది.

ఓబులమ్మ హుమాయున్ వైపు తిరిగింది.

"ఒక మాట చెప్పప్పా. వాడు మళ్ళా మళ్ళా యాలా తోలినాడు, ఆ పొద్దు?"

నిర్మలా అన్న ఆ పిలుపు ఒక్కటీ అతను ఇన్‌స్పెక్టరుకు చెప్పలేదు. యల్లమ్మ ఇసుకలో గీసిన గీత కళ్ళ ముందు కదిలింది.

"తెలీదమ్మా," అన్నాడు.

ఆమె అతన్ని చూసి తల ఆడించింది, అబద్ధం తెలిసిపోయినట్టు. చెవి ఒకటి గోడకు ఆనించింది. కారు షెడ్డు ఆ గోడకు అవతలే ఉంది, నెల నుంచి ఖాళీగా.

"ఇత్తడి తీసేసినాక గూడా ఏడుపు ఆగలేదప్పా," అంది. "దినామూ ఇనపడతానే ఉండాది. గొంతొకటే మారింది. ఇప్పుడు మొగగొంతు."